ఇరవై ఒక్క గంటలు

పన్నెండేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ పలకని పేరు ఒకటి నెల కిందట కేసు షీటు మీద నా బల్లకెక్కింది. కుడి మోకాలు, తెగిన లిగమెంటు, ఆపరేషన్ అయి పది రోజులు. చంకకర్రల మీద మా ఫిజియోథెరపీ క్లినిక్ మెట్లెక్కి వచ్చిన ఆ మనిషి మా అన్నయ్య క్లాస్‌మేటు. స్కూలు ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్. అందరూ కెప్టెన్ అనే పిలిచేవారు. అన్నయ్యను ఆటసామాన్ల గదిలోకి పంపి బయట తాళం వేసింది అతనే. అప్పుడు అన్నయ్యకు పదిహేనేళ్ళు, నాకు పదమూడు. నాది వేరే స్కూలు కాబట్టి అతను నన్ను గుర్తుపట్టలేదు. పెద్ద సార్‌ని అడిగి మరీ ఆ కేసు నేను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో అమ్మకు చెప్పలేదు, అన్నయ్యకు అసలే చెప్పలేదు.

కెప్టెన్ మోకాలు బిరుసెక్కింది. మామూలుగా ఈపాటికి వంద డిగ్రీలు దాటాలి. అతనిది డెబ్బై దగ్గరే మొరాయిస్తోంది. ఆదివారం ఉదయం ఎలాగైనా తొంభైకి తేవాలని డాక్టరు రాశాడు. నేనూ ఆ ఆదివారం కోసమే ఎదురుచూశాను.

కొత్తగా కుట్టిన లిగమెంటు పచ్చిగోడ లాంటిది. ఆనుకోవచ్చు, తోయకూడదు. ఎంతవరకు వంచితే మేలో, ఎక్కడినుంచి కీడో పుస్తకం కన్నా ముందు మా చేతులకు తెలుస్తుంది. ఆ గీత దాటించి ఒక్క తోపు తోస్తే చాలు. 'రోగి కాలు విదిలించాడు' అని షీటులో రాస్తే అడిగే నాథుడు ఉండడు. నెల రోజులుగా నా మనసులో ఉన్నది ఆ ఒక్క తోపే.

ఆదివారం క్లినిక్ ఒంటిపూట. పది గంటలకు కెప్టెన్ వచ్చాడు, ఒంటికర్ర మీద, నవ్వుకుంటూ. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అతను సరదా మనిషి. రిసెప్షన్ అమ్మాయిని నవ్విస్తాడు. పక్క మంచం మీద భుజం పట్టేసిన ముసలాయనకు సంచి అందిస్తాడు. వెధవ వెధవలాగే ఉంటే నా పని తేలికయ్యేది.

"నెలాఖరుకి డ్యూటీలో చేరాలి మేడమ్" అన్నాడు, మంచం మీద బోర్లా పడుకుంటూ. "మా పాత స్కూల్లోనే. ఆటల మాస్టారుగా. మీరిచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసమే ఆగింది."

తెర లాగాను. మా మంచాలకు మొహం ఆనించుకోవడానికి గుండ్రటి కంత ఉంటుంది. అందులోంచి రోగికి కనిపించేది గచ్చు, నా చెప్పులు, అంతే. అతని మడమ నా కుడిచేతిలోకి తీసుకున్నాను. ఎడమచెయ్యి తొడ మీద ఆనించాను.

"ఇవాళ నొప్పి ఉంటుంది. ఏదైనా చెప్తూ ఉండండి, దృష్టి మళ్ళుతుంది. స్కూలు కబుర్లు చెప్పండి."

"స్కూలు కబుర్లా? బోలెడు" అన్నాడు. "మా క్లాసులో గుటక అని ఒకడుండేవాడు మేడమ్."

డెబ్బై ఐదు.

"వాడు మాట్లాడేముందు గుటక మింగేవాడు. మాస్టారు ప్రశ్న అడుగుతాడు, వీడు లేచి నుంచుంటాడు, మేం వెనక బెంచీలో లెక్కపెట్టేవాళ్ళం. ఒకటి... రెండు... మూడు... ఒక్కోసారి ఏడు దాకా పోయేది. క్లాసంతా గొల్లుమనేది."

"మాస్టారు ఏమనేవారు?"

"ఆయనా నవ్వేవాడు. పాపం నవ్వాపుకోలేక బోర్డు వైపు తిరిగేవాడు."

ఎనభై. ఇంట్లో అన్నయ్యకు గుటకలు లేవు. ఎనిమిదో క్లాసు దాకా బడిలోనూ లేవు. మొదట ఒకసారెప్పుడో గొంతు తడారి మింగాడు, ఆ పూట నుంచి వీళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు, లెక్కపెట్టే కొద్దీ పెరిగాయి. తడిసిన సంచితో ఇంటికొచ్చి 'కాలవలో పడింది' అనేవాడు. మా వీధిలో కాలవే లేదు. అమ్మ సంచి ఆరేసేదే గాని, ఏ కాలవ అని అడగలేదు. నేనూ అడగలేదు.

"తర్వాత?" అన్నాను.

"అబ్బా... మేడమ్, కొంచెం మెల్లిగా. తర్వాతేముంది, ఒక శనివారం ఒంటిపూట బడి. పక్క ఊళ్ళో మాకు మ్యాచ్. ఒరే గుటకా, గోల్‌పోస్టు నెట్లు తెచ్చిపెట్టు అని వాణ్ణి ఆటసామాన్ల గదిలోకి పంపి తాళం వేశాం. లోపల్నుంచి తలుపు బాదుతున్నాడు. మావాడొకడు తలుపుకి చెవి పెట్టి, ఒరే గుటకలు బయటికి వినిపిస్తున్నాయిరా అన్నాడు. కడుపు చెక్కలయిందనుకోండి."

"ఎంతసేపు ఉంచారు?"

"ఎంతసేపు ఉంటాడు? అరగంటో, గంటో."

"ఇరవై ఒక్క గంటలు" అన్నాను.

అతని వీపు బిగిసింది. తల ఎత్తబోయాడు.

"తల దించు. కదిలితే మోకాలు పోతుంది."

నెల రోజులు 'మీరు' అన్న నోటితో 'నువ్వు' అనడం అంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు. అతను తల దించాడు.

"గుటకకి ఒక చెల్లెలుందని ఎప్పుడైనా చెప్పాడా?"

కంతలోంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తెర అవతల ముసలాయన భుజం కసరత్తుకు లాగే కప్పీ తాడు కిర్రుకిర్రుమంటోంది.

"తొంభై వచ్చింది" అన్నాను. "వంచినచోట పట్టి ఉంచి లెక్కపెట్టిస్తాం, నీకు తెలుసుగా. రోజూ ముప్పై. ఇవాళ ఇరవై ఒకటి చాలు. అంకెకి ఒక గంట. పైకి లెక్కపెట్టు."

"మేడమ్..."

"ఒకటి అను."

"ఒకటి."

"మా అమ్మ రెండు కంచాలు పెట్టుకుని కూర్చుంది. నాదీ, వాడిదీ."

"రెండు... మూడు."

"తలుపు కింద సందులోంచి వెలుగొస్తోందని నేల మీద బోర్లా పడుకుని సందు దగ్గర మొహం పెట్టుకున్నాడు. ఇప్పుడు నువ్వున్నట్టే."

"నాలుగు. ఐదు. ఆరు."

"ఆ వెలుగూ పోయింది. లేచి చీకట్లో తడుముకుంటుంటే మైదానంలో గీతలు గీసే సున్నం బస్తా మీద పడింది. కళ్ళల్లో, గొంతులో సున్నం. లోపల నీళ్ళు లేవు."

ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. గొంతు సన్నబడుతోంది. పదకొండు దగ్గర నేను హైజంప్ పరుపు సంగతి చెప్పాను. ఎలకలు కాళ్ళ మీద పాకుతుంటే ఆ పరుపు కవరు జిప్పు తీసి అందులో దూరి మెడ దాకా మూసుకున్నాడు. పన్నెండు దగ్గర మా నాన్న సంగతి చెప్పాను. పోలీస్‌స్టేషన్ బెంచీ మీద కూర్చుని, కొడుకు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో గుర్తురాక తల బాదుకున్నాడు. ఆ బాధ పెట్టుకునే పోయాడాయన.

పదమూడు దగ్గర గచ్చు మీద చుక్కలు పడ్డాయి. నా చెప్పుల ముందు.

"ఇంక చాలు మేడమ్. మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇంకా తెల్లారలేదు" అన్నాను. "పద్నాలుగు."

వంపు కొలిచే కోణమానిని ఆనించి చూశాను. తొంభై నాలుగు. డాక్టరు రాసింది తొంభై. ఆ నాలుగు డిగ్రీలు వైద్యం కాదు. ఆ సంగతి నాకు తెలుసు, నా చేతులకు తెలుసు. ఆ గీత అక్కడే ఉంది, చేతికి తగులుతోంది. ఒక్క తోపు.

నన్ను ఆపింది జాలి అనుకోకండి. ఇతను మళ్ళీ ఆపరేషన్ బల్లెక్కితే అందరూ అయ్యో అంటారు. రిసెప్షన్ అమ్మాయి అంటుంది, ముసలాయన అంటాడు, స్కూలంతా అంటుంది. ఇతన్ని చూసి ఎవరూ అయ్యో అనకూడదు. నాకు కావలసింది అది.

తొంభైకి దించాను. మిగతా అంకెలు అక్కడే లెక్కపెట్టించాను. పదిహేడు దగ్గర తెల్లారింది. ఇరవై ఒకటి దగ్గర, చెత్త ఊడ్చడానికి వచ్చిన వాచ్‌మన్ లోపలేదో అలికిడి విని తాళం పగలగొట్టాడు. 'ఎవర్రా నువ్వు, పేరేంటి' అని అడిగితే మా అన్నయ్య జవాబు చెప్పలేకపోయాడు. నాలుగు నెలలు చెప్పలేకపోయాడు.

కాలు మెల్లగా దించి, లేచి కూర్చోమని, మోకాలి మీద ఐసు సంచి పెట్టాను. మోకాలికేమీ కాలేదు. ఇంకా చెప్పాలంటే బాగుపడింది. కెప్టెన్ మొహం మీద కంత అంచు గుండ్రంగా అచ్చు పడి ఉంది.

"చిన్నప్పటి సంగతి మేడమ్" అన్నాడు చివరికి. "పిల్లచేష్టలు. ఇంతవుతుందని మాకేం తెలుసు?"

"నెలాఖరుకి నీ చేతికొచ్చేదీ పిల్లలే."

అతను తల వంచుకున్నాడు. కాగితాలూ పెన్నూ అతని ఒళ్ళో పడేశాను.

"రాయి."

"ఏం రాయమంటారు?"

"చేసింది చేసినట్టు. సరదా అనే మాట ఉండకూడదు. రెండు కాపీలు రాసి సంతకం పెట్టు. ఒకటి నాకు. రెండోది నువ్వే పట్టుకెళ్ళి హెడ్మాస్టరు చేతికిస్తావ్. సర్టిఫికెట్‌లో మోకాలి సంగతే ఉంటుంది, ఉన్నదున్నట్టు రాస్తాను. నిన్ను పిల్లల మధ్యకి పంపాలో వద్దో ఈ కాగితం చదివి వాళ్ళు తేల్చుకుంటారు."

రాయడం మొదలుపెట్టాడు. ఐసు కరిగి ప్యాంటు తడుస్తున్నా పట్టించుకోలేదు. నాలుగైదు లైన్ల తర్వాత పెన్ను ఆగింది.

"తాళంచెవి సంగతి కూడా రాయాలా?"

"ఏ సంగతి?"

"తాళం వేసింది నేనే మేడమ్. కాదనను. కానీ తాళంచెవి నా దగ్గర లేదు. మ్యాచ్ బస్సెక్కేముందు ఇచ్చేశా. అరగంట ఆగి తీసెయ్ అని చెప్పి ఇచ్చా. మేం ఆ రోజు తిరిగొచ్చేసరికే బాగా పొద్దుపోయింది. తీసేసుంటాడు అనుకున్నా. సోమవారం బడికొస్తేగాని నాకు తెలీదు. ఇందాక అరగంటో గంటో అన్నది దాచడానికే. ఏరా తియ్యలేదే అని అడిగితే మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. నేనూ భయపడి మళ్ళీ ఆ మాటెత్తలేదు."

"ఎవరికిచ్చావు?"

"వాడి ఫ్రెండుకే" అన్నాడు కెప్టెన్. "నిచ్చెనకి."

నిచ్చెన అన్నయ్యకు ఒకే ఒక్క స్నేహితుడు. మనిషి పొడుగని బళ్ళో పెట్టిన పేరు మా ఇంట్లోనూ స్థిరపడిపోయింది. ఈ పన్నెండేళ్ళలో అన్నయ్య కోసం మా గుమ్మం తొక్కిన క్లాస్‌మేటు అతనొక్కడే. ప్రతి ఆదివారం వస్తాడు, అన్నయ్యతో చదరంగం ఆడతాడు. నాన్న పోయినప్పుడు అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. 'కడుపున పుట్టకపోయినా కొడుకే' అంటుంది అమ్మ. ఈమధ్య కొడుకు అనడం మానేసి అల్లుడు అంటోంది. ఈ ఆదివారం మధ్యాహ్నం అతను పెద్దమనిషిలా కూర్చుని అమ్మను అడగబోతున్నాడు, నన్నిమ్మని. నాకూ ఇష్టమే. ఉదయం క్లినిక్‌కి బయల్దేరేటప్పుడు ఇష్టమే.

"అబద్ధం" అన్నాను.

"ఇప్పుడు అబద్ధమాడి నాకేం లాభం? ఎలాగూ రాసిస్తున్నాగా."

అబద్ధం కాదని నాకు అప్పటికే తెలిసిపోయింది. ఆ శనివారం సాయంత్రం నిచ్చెన నన్ను తన సైకిలు వెనక ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. బస్టాండు, ఆస్పత్రి, వంతెన కింద, సినిమాహాలు. అన్నయ్య పేరు పెట్టి అరిచి అరిచి ఇద్దరికీ గొంతులు పోయాయి. స్కూలు వైపు వెళ్దాం అని నేనే అన్నాను. 'ఇందాకే చూసొచ్చా, అక్కడెవరూ లేరు' అని అతను సైకిలు రైల్వే స్టేషన్ వైపు తిప్పాడు. గతుకుల్లో పడిపోతానేమోనని అతని చొక్కా పట్టుకున్నాను. జేబు దగ్గర పట్టుకున్నాను.

"అది కూడా రాయి" అన్నాను.

రాసిన కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచాను. రెండు వీధులే. రోజూ కూరగాయల బండి దగ్గర ఆగేదాన్ని ఆగలేదు, ఎవరో పలకరిస్తే పలకలేదు.

మా ఇంట్లో ఏ తలుపుకీ గడియ లేదు. అన్నయ్య ఇంటికొచ్చిన వారానికే నాన్న ఒక్కొక్కటీ ఊడదీశాడు. స్నానాలగదికీ లేదు, లోపలున్నవాళ్ళు పాట పాడుతుండాలి. అమ్మ గొంతుకి భయపడి పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. ముందుగదిలో అన్నయ్య కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మొదట్లో కిటికీ దగ్గరే తీసుకుని కిటికీ దగ్గరే ఇచ్చేవాడు. నేను ఈ చదువు చదివాక అతన్నీ బిరుసెక్కిన మోకాలిలాగే చూశాను. ఒక నెల గుమ్మం, ఇంకో నెల మెట్లు, ఆపైన గేటు. తొందరపెట్టకూడదు, వదిలేయకూడదు. రెండేళ్ళకు వీధి చివర దుకాణం దాకా ఒంటరిగా వెళ్ళొస్తున్నాడు. పోయిన వారం ఒకావిడ మిషను తనే మోసుకెళ్ళి ఆమె స్కూటర్ మీద కట్టి వచ్చాడు.

నేను వెళ్ళేసరికి నిచ్చెన వచ్చేసి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. నన్ను చూసి లేచి నుంచున్నాడు, పైన లైటు తగలకుండా అలవాటుగా మెడ వంచి.

"ఏంటి ఇంత ఆలస్యం? ఆకలేయట్లా?"

ఆ గొంతు రోజూలాగే ఉంది. అందుకే నాకు భయం వేసింది. నేనేం మాట్లాడానో గుర్తులేదు. అన్నయ్య నా మొహం చూశాడు. చూసి, చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"ఒరే, ఈ మిషను వెనకవీధి దర్జీ ఆవిడకి ఇచ్చిరారా. మధ్యాహ్నానికల్లా ఇస్తానన్నా" అన్నాడు. నిచ్చెన ఇస్త్రీ చొక్కా అని కూడా చూసుకోకుండా మిషను భుజానికెత్తుకుని వెళ్ళాడు. మా ఇంట్లో ఎవరు ఏ పని చెప్పినా అతను ఎప్పుడూ కాదనలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

వంటింట్లో అమ్మ గ్లాసులు కడుగుతోంది, మంచి గ్లాసులు. సంచిలోంచి కాగితం తీసి అన్నయ్యకు అందించాను. తీసుకోలేదు. చేతులకున్న నూనె గుడ్డకు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"కెప్టెన్ నోరు విప్పాడా?" అన్నాడు.

చాచిన కాగితం వెనక్కి తీసుకున్నాను.

"నీకెలా తెలుసు?"

"ఆపరేషన్ అయిన కొత్తలో వాళ్ళమ్మ మిషను బాగుకొచ్చింది. నేనెవరో ఆవిడకి తెలీదు. కొడుక్కి మోకాలి ఆపరేషన్ అయింది, కసరత్తు ఎక్కడ చేయించాలో తెలీట్లేదు బాబూ అంది. నీ క్లినిక్ అడ్రస్ రాసిచ్చా."

ఎక్కడా ఆగకుండా, గుటక వేయకుండా చెప్పాడు.

"నాకో మాట చెప్పొచ్చు కదా."

"చెప్తే వద్దనేదానివి. లేకపోతే వాడి కాలు విరగ్గొట్టేదానివి. నాకు రెండూ అక్కర్లేదు. వాడు నీతో చెప్పాలి, అంతే."

"మరి నిచ్చెన..."

"ఆ రోజు సాయంత్రం తలుపు బయట వాడి సైకిలు బెల్లు వినపడింది" అన్నాడు అన్నయ్య, గుడ్డ మడత పెడుతూ. "పేరు పెట్టి పిలిచా. తాళం కదిలింది. మైదానంలో ఎవరివో మాటలు వినపడ్డాయి, ఎవరైనా చూస్తారనుకున్నాడేమో. వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తాడని తెల్లారేదాకా చూశా."

"ఇది తెలిసి కూడా ఇన్నేళ్ళు వాణ్ణి ఇంట్లోకి రానిచ్చావా?"

అన్నయ్య నా వైపు చూశాడు. కోపంగా చూడలేదు.

"ఇంకెవరొచ్చారు నా కోసం?"

నేను తల దించుకున్నాను.

"మొదట్లో వాడొస్తే ప్రాణం లేచొచ్చేది. తర్వాత్తర్వాత, ఇవాళ చెప్తాడు, ఇవాళ చెప్తాడు అని చూశా. ప్రతి ఆదివారం వాడికే ఆట వదిలేశా, గెలిచిన సంతోషంలోనన్నా నోరు జారతాడని. చెప్పలేదు. సరే, వాడి బతుకు వాడిది అనుకున్నా. కానీ ఇప్పుడు నిన్నడుగుతున్నాడు. నోరు విప్పకుండానే నిన్నడుగుతున్నాడు."

గేటు చప్పుడైంది. నిచ్చెన ఈల వేసుకుంటూ మెట్లెక్కుతున్నాడు. అన్నయ్య ముందుకు వంగి నా మణికట్టు పట్టుకున్నాడు. పట్టు గట్టిగా ఉంది.

"వాడు అడగ్గానే సరే అను."

"అన్నయ్యా, నీకేమైనా పిచ్చా?"

"సరే అను. గెలిచాననుకోనీ, అప్పుడు తాళంచెవి సంగతి నేనే అడుగుతా. ఆ కాగితం మాత్రం లోపల పెట్టు."

నిచ్చెన మెడ వంచి గుమ్మం దాటి వచ్చాడు. చొక్కా భుజం మీద నూనె మరక. అది చూసి వంటింట్లోంచి వస్తున్న అమ్మ నవ్వింది, మరక ఉన్నా అల్లుడు అల్లుడే అంది. ట్రే బల్ల మీద పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నిచ్చెన కూర్చోలేదు. నిలబడే, అమ్మ వైపు కాదు, నా వైపు తిరిగాడు.

"అత్తయ్యని అడిగేముందు నిన్నే అడగాలనిపించింది" అన్నాడు. "నీకిష్టమేనా?"

అమ్మ నన్నే చూస్తోంది. అన్నయ్య స్క్రూడ్రైవర్ అందుకుని ఖాళీ పనిబల్ల మీదికి వంగాడు. కాగితం నా చేతిలోనే ఉంది, సంచిలోకి సగం దూర్చి. నేను నోరు తెరిచాను.